నేరం అంచున ఉన్న అమ్మాయిలతో పనిచేసేటప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. పద్నాలుగు నుంచి ఇరవై ఏళ్ల వయసున్న అమ్మాయిలతో పనిచేసే సంస్థలో మీరు కొత్తగా చేరారు. దుకాణాల్లో చిన్న దొంగతనాలు, కొట్లాటలు, ఇంటి నుంచి పారిపోవడం, స్నేహితుడి కోసం మత్తు సరుకు మోయడం వంటి కారణాలతో వాళ్లు మీ దగ్గరికి వస్తున్నారు. కొందరిపై కేసులున్నాయి, కొందరిపై ఇంకా లేవు. మాట్లాడించబోతే మాట్లాడరు, మాట్లాడినా చాలావరకు అబద్ధాలే చెబుతున్నారని మీకు అనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత కట్టడి చేయాలి, ఫలితం ఎప్పటికి కనబడుతుంది అని అడిగారు. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అన్నిటికంటే ముఖ్యమనుకున్నది ముందే చెబుతాను. ఆమె ఏం చేసింది అన్నదానికంటే ముందు, ఆమె ఎవరి మధ్య బతుకుతోంది, రాత్రి ఎక్కడ పడుకుంటోంది, ఎవరికి భయపడుతోంది, ఎవరికి బాకీ పడి ఉంది అన్నవి తెలుసుకోవాలి. తెగిన చదువు, కలహాల కుటుంబం, చెడు సావాసం, మత్తు వంటి కారణాలు అబ్బాయిలకూ అమ్మాయిలకూ చాలావరకు ఉమ్మడివే. అయితే పోలీసుల దాకా, కోర్టుల దాకా వచ్చిన అమ్మాయిల గతంలో లైంగిక హింస, ఇంట్లో దెబ్బలు, అయినవాళ్లే చేసిన ద్రోహం అబ్బాయిల గతంలోకంటే ఎక్కువగా కనబడతాయని అనేక దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ఇంట్లో హింస భరించలేక పారిపోయిన అమ్మాయి బయట బతకడానికి దొంగతనం చేస్తుంది, లేదా ఎవరో ఒకరి నీడన చేరి అతను చెప్పినట్టు నడుచుకుంటుంది, చివరికి ఆ బతుకుదెరువే ఆమె నేరంగా నమోదవుతుంది. అమెరికా నేరశాస్త్రవేత్త మెడా చెస్నీ-లిండ్ 1989లోనే ఈ క్రమాన్ని స్పష్టంగా రాశారు. నాకు ఎదురైన అమ్మాయిలందరి కథా ఇదే అని చెప్పను కానీ, ఈ క్రమం తెలియకుండా ఫైలు చదివితే సగం సంగతులు అర్థం కావు.

అందువల్ల మొదట్లో నేరం గురించి అడగకండి. దానికి చట్టపరమైన కారణం కూడా ఉంది. కేసు నడుస్తున్నప్పుడు ఆమె మీకు చెప్పిన మాటలు ఆమెకే వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చు, ఎందుకంటే మన సంభాషణలకు న్యాయవాదితో జరిగే సంభాషణలకు ఉన్నంత రక్షణ చాలాచోట్ల లేదు. జరిగిన ఘటన వివరాలు న్యాయవాదికే చెప్పమనండి. మీరు మాత్రం ఆమె రోజు ఎలా గడుస్తుందో అడగండి. ఉదయం ఎన్నింటికి లేస్తుంది, ఎవరు లేపుతారు, తినడానికి ఏముంటుంది, ఆ ఫోను ఎవరిచ్చారు, దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, గదికి లోపల గడియ ఉందా వంటి ప్రశ్నలకు వచ్చే జవాబులు పెద్ద ప్రశ్నాపత్రాలు ఇవ్వలేనంత సమాచారం ఇస్తాయి. నిద్ర సంగతి తప్పకుండా అడగండి. నిద్రపోవడానికి భయపడే అమ్మాయి పగలంతా చిరాకుగా ఉంటుంది, బడిలో తల వాల్చి నిద్రపోతుంది, చివరికి బడి మానేస్తుంది. పైవాళ్లకు కనబడేది బడి మానేయడం ఒక్కటే.

ఆమె నోరు విప్పకముందే మీరు చెప్పాల్సిన మాట ఒకటుంది. గోప్యతకు ఉన్న హద్దులను మొదటి రోజే, ఆమె స్థాయి మాటల్లో చెప్పండి. ఏది మీ దగ్గరే ఉంటుందో, ఏది మీ సూపర్‌వైజర్‌కు చెప్పక తప్పదో, ఏ విషయం తెలిస్తే పిల్లల రక్షణ అధికారులకు తెలియజేయడం మీ విధి అవుతుందో చెప్పి, తిరిగి ఆమెను తన మాటల్లో చెప్పమనండి. "నీ మాట ఎవరికీ చెప్పను" అని హామీ ఇచ్చి, ఆమె తనపై జరుగుతున్న అత్యాచారం గురించి చెప్పాక అధికారులకు ఫోను చేయడంకంటే పెద్ద ద్రోహం ఈ వృత్తిలో లేదు. అలాంటి ద్రోహం ఆమె ఇప్పటికే పెద్దల చేతుల్లో చాలాసార్లు చూసి ఉంటుంది. హద్దులు ముందే తెలిస్తే ఎంత చెప్పాలో ఆమే నిర్ణయించుకుంటుంది, ఆ నిర్ణయం ఆమె చేతుల్లో ఉండటం అవసరం.

ఇక అబద్ధాల సంగతి. నిజం చెప్పినప్పుడల్లా దెబ్బలు తిన్నవాళ్లకు, లేదా నిజం చెప్పినా ఎవరూ నమ్మనివాళ్లకు, అబద్ధం ఒక రక్షణ. దాన్ని లాగేసే హడావుడి మీకు వద్దు. మీరు పట్టుకున్నారని ఆమెకు తెలియజేయడంవల్ల మీకు దక్కేదేమీ లేదు. పాత గాయాల గురించి కూడా తవ్వి అడగకండి. ప్రతి కొత్త అధికారికీ మొదటి నుంచి కథ చెప్పాల్సి రావడం చాలామంది అమ్మాయిలకు మళ్లీ గాయపడటంతో సమానం. ఫైలులో ఉన్నది మీరు ముందే చదివి, "నేను ఇది చదివాను, నువ్వు మళ్లీ చెప్పనక్కర్లేదు, ఇందులో తప్పుగా రాసినవి ఉంటే మాత్రం చెప్పు" అనండి. ఫైలులో తప్పులు సరిదిద్దే అవకాశం ఇస్తే మాట్లాడటం మొదలుపెట్టిన అమ్మాయిలను నేను ఎందరినో చూశాను.

సంభాషణ నడిపే పద్ధతి విషయానికి వస్తే, అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో మద్యం సమస్య ఉన్నవారి కోసం ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి విస్తరించిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నేర్చుకోమని గట్టిగా చెబుతాను. దాని సారం ఏమిటంటే, మారాలా వద్దా అన్న ఊగిసలాట ఆమెలో ముందే ఉంటుంది. మీరు మారాలన్న వైపు వాదిస్తే ఆమె వద్దన్న వైపు వాదించక తప్పదు. అలా వాదించేకొద్దీ తన మాటలకే తాను కట్టుబడుతుంది. ఉదాహరణకు ఆమె ప్రియుడి గురించి "అతను మంచివాడు కాదు, వదిలెయ్" అంటే ఆమె అతని మంచితనం గురించి పది మాటలు చెబుతుంది. "నిన్న అతను పిలిచినప్పుడు నువ్వు వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేది?" అని అడిగితే ఆగి ఆలోచిస్తుంది. వచ్చే జవాబు "ఏమీ కాదు" అయితే ఒక దారి, "ఊరుకోడు" అయితే మరో దారి. ఈ రెండింటిలో మీరు ఏ దారిలో ఉన్నారో తెలియకుండా ఏ ప్రణాళికా రాయకూడదు.

వయసులో పెద్దవాడైన ఆ "అతను" గురించి మరికాస్త చెప్పాలి. చిన్న వయసు అమ్మాయిల కేసుల్లో అలాంటి వ్యక్తి చాలా తరచుగా ఎదురవుతాడు. మొదట కానుకలు, మెచ్చుకోలు, ఉండటానికి చోటు ఇస్తాడు. తర్వాత ఆమెను స్నేహితుల నుంచి, ఇంటి నుంచి విడదీస్తాడు. ఆ తర్వాత ఇచ్చినవన్నీ అప్పుగా లెక్కగట్టి, తీర్చడానికి సరుకు మోయమంటాడు, దొంగసొత్తు దాచమంటాడు, వేరేవాళ్ల దగ్గరికి పంపిస్తాడు. ఆమె దృష్టిలో మాత్రం అతను తనను పట్టించుకున్న మొదటి మనిషి. అందుకే "నిన్ను వాడుకుంటున్నాడు" అన్న మాట ఆమెకు అవమానంగానే వినబడుతుంది. ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన అంతర్జాతీయ ఒప్పందం పలెర్మో ప్రోటోకాల్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను లైంగిక దోపిడీ కోసం చేరదీయడం, తరలించడం మనుషుల అక్రమ రవాణాయే. అందుకు బలవంతమో మోసమో జరిగిందని నిరూపించాల్సిన అవసరం లేదు. పిల్ల ఒప్పుకుందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ తావే లేదు. మీ దేశ చట్టంలో ఇది ఏ రూపంలో ఉందో చదివి పెట్టుకోండి. నిందితురాలిగా వచ్చిన అమ్మాయిని బాధితురాలిగా గుర్తించగలిగేది కొన్నిసార్లు మీరొక్కరే అవుతారు, అది కూడా ఆమె న్యాయవాదికి సకాలంలో చెబితేనే ఉపయోగపడుతుంది.

అతన్ని వదలమని ఒత్తిడి చేసే ముందు, వదిలిన రోజున ఆమె ఎక్కడ పడుకుంటుందో మీరు సిద్ధం చేశారా అని మిమ్మల్ని మీరు అడగండి. హింసించే భాగస్వామి నుంచి విడిపోయే సమయమే తరచుగా అత్యంత ప్రమాదకరమైన సమయమని గృహహింసపై పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఆమెకు చోటు, ఒక కొత్త ఫోను నంబరు, పిలిస్తే వెంటనే వచ్చే ఒక పెద్ద తోడు, ఈ మూడూ లేకుండా ఇచ్చే సలహా ఆమెను మరింత ప్రమాదంలోకి నెడుతుంది.

కట్టడి గురించి మీరు అడిగిన ప్రశ్న ఈ పని మొత్తంలో కష్టమైనది. అమ్మాయిల విషయంలో మంచి మనసున్నవాళ్లే ఎక్కువ హాని చేయగలుగుతారని నా అభిప్రాయం. రాత్రి ఆలస్యంగా తిరిగే అబ్బాయిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అదే పని అమ్మాయి చేస్తే "ఆమె రక్షణ కోసమే" అంటూ నిర్బంధం మొదలవుతుంది. ఫలానా వేళకు ఇంట్లో ఉండాలి, ఫలానావాళ్లను కలవకూడదు అని షరతులు పెడతారు. ఇంట్లో ఉన్న హింసే ఆమెను బయటికి తరుముతున్నప్పుడు ఆ షరతు ఒక్క రాత్రి కూడా నిలవదు. షరతు ఉల్లంఘనే కొత్త తప్పుగా మారి, మొదట్లో ఏ నేరమూ చేయని అమ్మాయి చివరికి నిర్బంధ గృహంలో తేలుతుంది. బాలనేరాల నివారణపై 1990 నాటి ఐక్యరాజ్యసమితి రియాద్ మార్గదర్శకాలు ఈ విషయంలో సూటిగా మాట్లాడతాయి. పెద్దవాళ్లు చేస్తే నేరం కాని పనిని పిల్లలు చేసినప్పుడు కూడా నేరంగా చూడకూడదని, పిల్లలపై "దారితప్పినవారు", "నేరం చేయబోయేవారు" వంటి ముద్రలు వేయడమే తరచుగా వాళ్లను ఆ దారిలో స్థిరపరుస్తుందని అవి చెబుతాయి. మీ సంస్థ కాగితాల్లో ఆమె పేరు పక్కన ఏం రాస్తున్నారో ఒకసారి ఈ దృష్టితో చూడండి.

చిన్న నేరాలకు వ్యవస్థ లోపలికి లాగడంవల్ల మేలు జరుగుతుందన్న నమ్మకానికి ఆధారం బలహీనంగా ఉంది. పరిశోధకుడు ఆంథనీ పెట్రోసినో బృందం 2010లో ప్రచురించిన సమీక్షలో, పిల్లలను అధికారిక న్యాయప్రక్రియలోకి తీసుకెళ్లడంవల్ల తర్వాతి నేరాలు తగ్గలేదని, మొత్తంమీద కొంత పెరిగే ధోరణే ఉందని తేలింది. మనస్తత్వవేత్త టెరీ మోఫిట్ 1993లో ప్రతిపాదించినట్టు, కౌమారంలో తప్పులు చేసేవారిలో అత్యధికులు పెద్దయ్యేకొద్దీ వాటిని తమంతట తామే మానేస్తారు. అలా మానేయడానికి అడ్డుపడేవి చదువు తెగిపోవడం, నేరచరిత్ర నమోదు కావడం, మత్తుకు బానిస కావడం వంటివి. పెట్రోసినో బృందమే 2002లో చేసిన మరో సమీక్షలో, పిల్లలను జైలుకు తీసుకెళ్లి ఖైదీల చేత భయపెట్టించే కార్యక్రమాలు ఏమీ చేయకపోవడంకంటే ఎక్కువ హాని చేశాయని తేలింది. మీ సంస్థలో ఎవరైనా ఆ ఆలోచన తెస్తే దయచేసి అడ్డుకోండి.

కొట్లాటలు, దాడి కేసుల గురించి ఒక మాట. అమ్మాయిలపై నమోదయ్యే దాడి కేసుల్లో ఇంట్లోనో సంరక్షణ గృహంలోనో జరిగినవి చాలా ఉంటాయి. తల్లితో పెనుగులాట, వార్డెన్ మీదికి విసిరిన పళ్లెం, పగలగొట్టిన తలుపు వంటివి సొంత ఇంట్లో జరిగితే సర్దుకుపోయే గొడవలు, సంరక్షణ గృహంలో జరిగితే పోలీసు ఫిర్యాదులవుతాయి. మీకు గృహ సిబ్బందితో సంబంధం ఉంటే, ఏ సందర్భంలో పోలీసులను పిలవాలి, ఏ సందర్భంలో పిలవకూడదు అన్నది ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి, గొడవ మధ్యలో ఎవరూ సరిగా నిర్ణయించలేరు. అమ్మాయితో మాట్లాడేటప్పుడు కోపం గురించి ఉపన్యాసం ఇవ్వకుండా, గొడవకు ముందు అరగంటలో ఏం జరిగిందో నిమిషాల వారీగా అడగండి. ఎవరో వెనక నుంచి తాకడం, గది తాళం లాక్కోవడం, తల్లి ఫోనులో తన గురించి ఎవరితోనో చెప్పడం వంటిది ఏదో ఒకటి బయటపడుతుంది. తర్వాతిసారి ఆ క్షణంలో ఆమె ఏం చేయగలదో ఇద్దరూ కలిసి ఆలోచించవచ్చు.

బయటికి కనబడని ఇబ్బందులను వెతకడంలో ఓపిక పట్టండి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిచురుకుదనం ఉండే స్థితి), ఆటిజం అమ్మాయిల్లో ఆలస్యంగా గుర్తింపుకు వస్తాయి, ఎందుకంటే చాలామంది వాటిని కప్పిపుచ్చుకోవడం నేర్చుకుంటారు. మాటలను అర్థం చేసుకోవడంలో లోపం ఉన్న పిల్లలు నేరన్యాయ వ్యవస్థలో చాలామంది ఉంటారు. అర్థం కాకపోయినా "సరే" అనడం వాళ్లకు అలవాటు. అందుకే కోర్టు షరతులను బొమ్మలతోనో చిన్న వాక్యాలతోనో రాసివ్వండి. తలపై దెబ్బలు తిన్న చరిత్ర, ముఖ్యంగా భాగస్వామి గొంతు నులిమిన సందర్భాలు, నేరుగా అడిగితే తప్ప చెప్పరు. మతిమరుపు, తలనొప్పి, ఉన్నట్టుండి కోపం వెనక అవి ఉండవచ్చు, వాటికి వైద్యుడు కావాలి. చేతులపై గాయాలు చూస్తే ఉలిక్కిపడకండి, చూడనట్టూ ఉండకండి. ఆత్మహత్య ఆలోచన ఉందా అని సూటిగా అడగండి. అడగడంవల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. ఉందని చెబితే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్య సహాయం అందేలా చూడండి.

బృంద కార్యక్రమాలు పెట్టాలా అన్న సందేహం మీకు త్వరలోనే వస్తుంది. పరిశోధకులు థామస్ డిషియన్, జోన్ మెకార్డ్, ఫ్రాంస్వా పూలాన్ 1999లో హెచ్చరించినట్టు, సమస్యలున్న కౌమార పిల్లలను ఒకచోట చేర్చితే ఒకరినొకరు నవ్వులతో, మెచ్చుకోళ్లతో తప్పుల వైపు ప్రోత్సహించుకునే ప్రమాదం ఉంది. అందులోనూ తీవ్రమైన కేసులున్నవారి పక్కన తొలిసారి చిన్న తప్పు చేసిన అమ్మాయిని కూర్చోబెట్టకండి. దోపిడీ చేసే ముఠాలు కొత్త అమ్మాయిలను తరచుగా పాత అమ్మాయిల ద్వారానే చేరదీస్తాయని కూడా గుర్తుంచుకోండి. ఇవి చూసుకుని, చేతి పని లేదా ఆటలు లేదా సంగీతం కేంద్రంగా, అనుభవమున్న ఇద్దరు పెద్దల సమక్షంలో నడిపితే బృందం మేలే చేస్తుంది. అమ్మాయిలు మాత్రమే ఉన్న చోట కొందరు మొదటిసారి స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకుంటారు.

మీ దగ్గరికి వచ్చేవాళ్లలో గర్భవతులు, చిన్న తల్లులు కూడా ఉంటారు. బిడ్డను తీసేసుకుంటారన్న భయంతో వాళ్లు ఏ సహాయమూ అడగరు. బిడ్డ విషయంలో మీకున్న విధులేమిటో దాచకుండా చెప్పి, ఆ హద్దుల్లోనే ఆమె పక్షాన నిలబడండి. అమెరికా పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్ 1970ల చివర్లో మొదలుపెట్టిన అధ్యయనంలో, గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేవరకు నర్సులు ఇంటికి వచ్చి తోడున్న కుటుంబాల్లో పుట్టిన ఆడపిల్లలు పెద్దయ్యాక అరెస్టయిన సందర్భాలు మిగతావారికంటే తక్కువగా ఉన్నాయి. ఒక తల్లికి ఇచ్చిన తోడు తర్వాతి తరానికీ అందిందన్న ఈ సంగతి నాకు ఎంతో ధైర్యమిచ్చింది. నిర్బంధంలో ఉన్న అమ్మాయిల కోసం మాట్లాడాల్సి వస్తే మహిళా ఖైదీల గురించి 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు దగ్గర ఉంచుకోండి. అబ్బాయిలతో సమానంగా చదువు, వృత్తి శిక్షణ, లైంగిక హింసకు గురైనవారికి కౌన్సెలింగ్, గర్భిణులకు పెద్ద ఖైదీలతో సమానమైన వైద్యం అందాలని వాటిలో స్పష్టంగా ఉంది. అమ్మాయిలు సంఖ్యలో తక్కువన్న కారణంతో వాళ్లకు కుట్టుపని ఒక్కటే మిగలడం నేను చాలా చోట్ల చూశాను.

ఫలితం గురించి అడిగారు. నెలల్లో కాకుండా సంవత్సరాల్లో లెక్క వేసుకోండి. బాగా కుదురుకున్నట్టు కనబడిన అమ్మాయి ఒక రాత్రి మళ్లీ మాయమవుతుంది. తిరిగి వచ్చిన రోజున మీరు అడిగే మొదటి ప్రశ్న "తిన్నావా, దెబ్బలేమైనా తగిలాయా" అని ఉండాలి, ఎక్కడికి వెళ్లావన్న విచారణ ఆ తర్వాతే. ఘటనల మధ్య వ్యవధి పెరుగుతోందా, తీవ్రత తగ్గుతోందా, గొడవ అయ్యాక కాకుండా గొడవకు ముందే ఫోను చేస్తోందా అన్నవి నేను చూసే గుర్తులు. ఈ మూడోది కనబడిందంటే, రికార్డులో కేసులు ఇంకా ఉన్నా, పని సరైన దారిలో ఉందని నమ్ముతాను.

ఒకే మనిషి ఎక్కువకాలం తోడుండటం ఈ పనిలో ముఖ్యం కాబట్టి, ముగింపు గురించి కూడా ముందే ఆలోచించండి. చాలా దేశాల్లో పద్దెనిమిదేళ్లు నిండగానే పిల్లల సేవలు ఆగిపోతాయి, పెద్దల సేవలు వెంటనే అందుకోవు. ఆ పుట్టినరోజుకు కనీసం ఒక సంవత్సరం ముందే ఇల్లు, గుర్తింపు పత్రాలు, బ్యాంకు ఖాతా, వైద్యుడు, చదువు లేదా పని, వీటన్నిటి జాబితా ఆమెతోనే కూర్చుని రాయండి. మీరే ఉద్యోగం మారాల్సి వస్తే ఆ మాట ఆమె మీ నోటి నుంచే, వీలైనంత ముందుగా వినాలి. కొత్తగా వచ్చే మనిషితో కలిసి కొన్నిసార్లు ముగ్గురూ కూర్చోండి, ఆమె గురించి మీరు రాసి అప్పగించే కాగితాన్ని ముందు ఆమె చేత చదివించి, ఆమె మార్చమన్నవి మార్చి ఇవ్వండి.